రెండు చక్రములపై సముద్రపు సరుకు

పెన్నానది సముద్రమున కలియు తావునకు ఇరుప్రక్కల, ఉత్తరమున జువ్వలదిన్నె, తుమ్మలపెంటలు మొదలుకొని మైపాడు, కోడూరు, కృష్ణపట్నముల మీదుగా దక్షిణమున దుగరాజపట్నము వరకు, ఇసుక తిన్నెల వెనుక నెలకొన్న పట్టపుపాళెములలో పడవలు ఒడ్డుకు చేరు వేళకు, వెనుక క్యారియరుపై వెదురు గంపయో తర్మోకోలు పెట్టెయో కట్టుకొని, హ్యాండిలుకు త్రాసు తగిలించుకొని, వేలముపాట ముగియుటకై కాచుకొని యుండు సైకిళ్లను ఎరుగని తీరవాసి యుండడు. వంజరమో, చందువో, కవళ్లో, నెత్తళ్లో, నాటి వేటలో పడినదానిని పాడుకొని, ఐసు పొడి చల్లి, గోనెపట్టా కప్పి, ఎండ ముదరక మునుపే ఊళ్లు తిరిగి అమ్ముకొనవలసిన ఈ చిల్లర వర్తకునికి కాలమును సముద్రము నిర్ణయించును. ప్రాణము మాత్రము బ్రేకు రబ్బరు చేతిలో నుండును.

గాలియు అతనికి చుట్టము కాదు. రాత్రి చల్లబడిన నేలమీదినుండి తెల్లవారుజామున సముద్రము వైపునకు వీచు గాలి, సరుకుతో పడమటికి బయలుదేరిన సైకిలువానికి ఎదురుగాలియే యగును; మధ్యాహ్నము తిరిగి తూర్పుగా ఇల్లు చేరబోవునప్పటికి నేల కాగి, సముద్రపు గాలి లోపలికి మళ్లి, మరల ఎదురుగనే వచ్చును. మైపాడునుండి నెల్లూరునకు సుమారు 25 కిలోమీటర్ల దారిలో రెండు పూటలను ఎదురుగాలి త్రొక్కువాడు, తన బండిలో చైను బిగువునో ఇరుసు బిగువునో పట్టించుకొనక పోయినచో, ఆ నిర్లక్ష్యమునకు పన్ను తన మోకాళ్లతోనే చెల్లించుకొనవలసి వచ్చును.

సైకిలు రాక మునుపు ఈ సరుకు స్త్రీల తలమీది గంపలలోను, పురుషుల భుజముపైని కావడిలోను నడచినది. దూరపు సరుకునకు తీరమునకు సమాంతరముగా త్రవ్విన కాలువ యుండెను. 1876–78 నాటి కరవులో దాని పనులు సాగి, 1878లో చెన్నపట్టణపు గవర్నరు పేర బకింగుహాము కాలువయైనది. ఉప్పు, కట్టెలు మోయు పడవల కాలము ముగిసిన పిదప మిగిలినది రోడ్డే. స్వాతంత్ర్యానంతరము మదరాసులో 1949లో నెలకొన్న టీ.ఐ. సైకిల్స్ వారి హెర్క్యులీసును, ఉత్తరాదిన లుధియానాలో 1956లో పుట్టిన హీరోను మన వూళ్లకు దిగిన తరువాత, పై కమ్మి జంటగా నుండు బలమైన బండ్లు బరువు పనికి స్థిరపడినవి. 28 అంగుళముల చక్రము, అంగుళమున్నర టైరు, ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 స్పోకులు: ఈ పాత బ్రిటిషు లెక్కలోనే వెనుక చక్రము ఎక్కువ బరువు మోయుటకు పుట్టినదన్న సంగతి దాగియున్నది.

అయినను వెనుక చక్రము మోయు బరువు వేరు, వెనుక చక్రమునకు ఆవల వ్రేలాడు బరువు వేరు. పెట్టె మధ్యభాగము వెనుక ఇరుసునకు సరిగా పైననో, వేలెడు ముందుకో ఉన్నంతవరకు బండి చెప్పిన మాట వినును. పెట్టె జానెడు వెనుకకు జరిగెనా, ముందు చక్రము తేలికయై, హ్యాండిలు చేతిలో నున్నట్లే యుండి దారి మాత్రము తనంత తాను ఎన్నుకొనును. తీరపు రోడ్డున ఒక సైకిలు షాపు పెద్దాయన, పంక్చరు వేయించుకొనవచ్చిన ఒక యువకుని బండిని ఒకమారు కదిపి చూచి, "అబ్బయా, ముందు చక్రం తేలిపోతా ఉండాది, పెట్టె ముందుకు జరిపి కట్టు, లేకుంటే వంతెన కాడ నువ్వొక దిక్కు, చేపలొక దిక్కు" అనెను. యంత్రశాస్త్రము ఇంతకంటె చెప్పునది లేదు. బరువు ఎంత క్రిందికి నుండిన అంత మేలన్నది రెండవ సూత్రము. పాలవాడు క్యానులను ఇరుప్రక్కల ఇరుసు మట్టమునకు వ్రేలాడదీసి కావడివలె తూకము నిలుపుకొనును. చేపలవాడు పెట్టెమీద పెట్టె పేర్చి, తన తలకంటె ఎత్తుగా కట్టుకొని, ప్రతి మలుపునను ఆ ఎత్తుతో పెనుగులాడును. ఈ విషయమున పాలవాడే పండితుడని నా తీర్పు. డెన్మార్కు దేశమున 1920ల నాడే, హ్యాండిలునకు ముందు చక్రమునకు నడుమ, నేలకు జానెడెత్తున బల్ల అమర్చిన 'లాంగ్ జాన్' అను పొడవు సైకిలు పుట్టినది. దాని గొప్పతనమంతయు ఆ బల్ల ఎత్తులేమిలోనే యున్నది.

సైకిలు ఆగుట విషయమున లెక్క మరింత నిర్దాక్షిణ్యమైనది. అరువది కిలోల మనిషి, ఇరువది కిలోల బండి, కలసి 80. దానికి 60 కిలోల చేపలును ఐసును చేర్చినచో 140. బ్రేకు పట్టు అంతియే, వేగమంతియే యైనను, ఉత్తబండి 8 అడుగులలో ఆగుచోట సరుకుబండి 14 అడుగులకు గాని ఆగదు; వేగము రెట్టింపైనచో ఆ పదునాలుగే యేబది యారగును. పైగా మన పాతకాలపు బండ్ల కడ్డీ బ్రేకులు ఇనుప రిమ్మును పట్టునవి; ఆ రిమ్ము తడిసెనా, రబ్బరు జారుటయే గాని పట్టుట యుండదు. కార్తీక మాసపు వాన కురియుచుండగా నెల్లూరు తీరమున సైకిలు త్రొక్కువాడు, ఆగవలసిన చోటికి చాల ముందుగనే బ్రేకును తేలికగా ఒత్తి, రిమ్ముమీది నీటిని తుడిచి, ఆ పిమ్మట గట్టిగా పట్టవలెను. వెనుక సరుకున్నప్పుడు మొదట వెనుక బ్రేకు, దానికి తోడుగా ముందు బ్రేకు మెల్లగా; ఇసుక పరచిన మలుపులో ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టినవాడు మలుపు పూర్తిచేయడు.

వాన లేని దినమున కూడ వెనుక రిమ్ము తడియును, ఇది చేపల బండికి మాత్రమే గల చిక్కు. ఐసు కరగిన నీరు పెట్టె అడుగునుండి బొట్టుబొట్టుగా కారి, జిగురుతో, ఉప్పుతో కలిసి, చైనుమీదను రిమ్ముమీదను పడుచుండును. తెలిసినవారు పెట్టె మూలకు రంధ్రము చేసి, ఒక గొట్టపు ముక్క దూర్చి, నీరు చక్రమునకు ఎడముగా నేల పడునట్లు చేయుదురు. కట్టుత్రాడు సంగతియు ఇట్టిదే. కొబ్బరినార త్రాడు తడిసినప్పుడు బిగిసి ఆరినప్పుడు వదులగును. ఐసు కరగినకొలది సరుకు అణగి కట్టు మరింత సడలును. అందుచేతనే పాత ట్యూబును నిలువుగా కోసిన రబ్బరు పట్టీ మన సైకిళ్లపై రాజ్యమేలుచున్నది, సరుకు అణగినను అది సాగిన తన బిగువును వదలదు. వేలాడు కొస మాత్రము ముడివేసి దూర్చనిచో ఆ పట్టీయే స్పోకులలో చుట్టుకొనును. మరొక ముచ్చట: మడ్గార్డుకు బిగించిన ఎర్ర అద్దము గంప వెనుక దాగిపోవుటచే, తెల్లవారుజామున లారీవానికి అది ఉన్నను లేనట్లే, కావున ఎర్రని మెరుపు పట్టీ నొకదానిని పెట్టె వెనుక ముఖముననే అంటించవలెను. కృష్ణపట్నము ఓడరేవు 2008లో పనిచేయనారంభించిన పిదప ఆ దారులలో తిరుగు భారీ వాహనముల నడుమ, దీపము లేని సరుకు సైకిలు చీకటిలో కదలు చీకటియే.

ఇక ఉప్పుగాలి. ఒడ్డున ఒక రాత్రి నిలిచిన బండికి తెల్లవారునప్పటికి కమ్ములపై సన్నని తెల్లపొర వ్రేలికి తగులును. అది ఇనుమును తినుట మొదట కానరాదు. స్పోకు తల రిమ్ములో దూరు చోట, కాటరు పిన్ను మరలో, సీటుకమ్మి ఫ్రేములో దిగిన చోట లోలోన పట్టుకొని, ఒకనాడు పని మధ్యలో బయటపడును. ఇంటికి చేరగానే మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కిరసనాయిలుతో చైనులోని ఇసుకను వదల్చి, ఆరిన తరువాత పలుచని నూనె చుక్కలు వేసి, పైకి మిగిలిన నూనెను తుడిచివేయుట శ్రేష్ఠము. గ్రీజు చైనునకు పూయరాదు, అది ఇసుకను పిలిచి కూర్చుండబెట్టుకొనును. గ్రీజు తావు ఇరుసులోని గుండ్లమధ్య. కుడికాలితోనో యెడమకాలితోనో త్రొక్కినప్పుడెల్ల ఒకే చోట టక్కుమను చిన్న చప్పుడు వినవచ్చినచో అది కాటరు పిన్ను వదులైన గుర్తు; ఆనాడే సుత్తిదెబ్బతో బిగించి మరను తిప్పించినచో చిన్న ఖర్చుతో పోవును, వారము నాన్చినచో క్రాంకు రంధ్రము అరిగి, ఎంత కొత్త పిన్ను వేసినను నిలువదు. చక్రమును ఎత్తిపట్టి అటునిటు కదిపినప్పుడు ఆట తెలిసినచో ఇరుసు బిగింపవలెను. చైను నడిమిభాగము అరంగుళము మాత్రము క్రిందికి మీదికి ఆడవలెను. స్పోకులను వ్రేలితో మీటుచు పోయినచో బిగువైనవి ఒక శ్రుతిలో పలుకును, వదులైనది మూగపోవును. ఒక్కటి వదులైనచో దాని పాలు ఇరుగుపొరుగుల మీద పడి, అవియు ఒకటొకటిగా తెగి, చక్రము బెండు తిరుగును. సరుకుబండికి స్పోకు తెగిన దినముననే వేయించుకొనవలెను.

ఇక ముందు ఫోర్కు. తలభాగమున రంగు వెంట్రుకవాసి పగిలి, ఆ గీతలో తుప్పు ఎర్రగా కానవచ్చినచో, ఇక దానికి వెల్డింగు తలపెట్టక కొత్తది వేయించుటే తగును. అతుకువేసిన క్యారియరు తెగినచో సరుకు పోవును, అతుకువేసిన ఫోర్కు తెగినచో పండ్లు పోవును. టైరులో గాలి తక్కువైనచో బరువునకు రిమ్ము నేలను తాకి ట్యూబు నొక్కుకొనును. ఇసుకలో నడచుటకై గాలి తీసినవారు తారురోడ్డు ఎక్కగానే తిరిగి కొట్టుకొనవలెను. ఎండకు వాల్‌ట్యూబు మెత్తబడి గాలి జారుచుండును, గనుక రెండు ముక్కలు జేబులో నుండుట మేలు.

సరుకు మాట్లాడదు, ఎక్కినవారు మాట్లాడుదురు, కదలుదురు, నడుమ దిగుదురు. మనిషిని ఎక్కించుకొనుట సరుకుకంటె కష్టమైన పని. మన వీధులలో భర్త బండి కదలించిన పిదప భార్య రెండడుగులు పరుగెత్తి ఒకవైపుగా ఎగిరి కూర్చుండుట చూడముచ్చటగా నుండవచ్చును. ఆ యెగురు క్షణమున బరువంతయు ఒక్క ప్రక్కనే పడి, ముందు చక్రము వంకరపోవుచున్నది. బండి నిలిచియుండగా, నడుపువాని రెండు పాదములు నేలనుండగా ఎక్కుటయే క్రమము. చీర కుచ్చెళ్లు, పైటకొంగు, చున్నీ స్పోకులకు అందని యట్లు చక్రమునకు జల్లెడ తడిక తప్పక యుండవలెను. పిల్లల మడమలు వెనుక చక్రపు స్పోకులలో చిక్కుకొని చర్మము ఊడివచ్చు గాయములు వైద్యులకు మిక్కిలి పరిచితములు, అవి మానుటకు చాలకాలము పట్టును. తడికతోపాటు పాదములు ఆనించుటకు రెండు కమ్ములు బిగించినచో ఈ బాధ యుండదు. నిద్రలో తూగు పసివానిని ముందు కమ్మిపై కూర్చుండబెట్టరాదు, వాని కాలు ముందు చక్రములోనికి జారినచో బండి తలక్రిందగును. మనుష్యులను సరుకును ఒకే బండిపై కలిపి ఎక్కించుటను మాత్రము నేను ఎట్టి పరిస్థితిలోను ఒప్పుకొనజాలను. సరుకును కాపాడబోయి మనిషిని, మనిషిని కాపాడబోయి సరుకును వదలవలసివచ్చు ఆ క్షణమున చేతులు రెండే యుండును.

ఇన్నిటికంటెను గొప్ప నేర్పు దిగుటలో నున్నది. 1963 నవంబరు 21న మన నేలనుండి తొలి రాకెట్టు ఎగిరిన తుంబాలో, రాకెట్టు శిఖరభాగమును సైకిలు వెనుక కట్టుకొని పోవు ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. మన తీరముననే గల శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న తొలి రోహిణి ఎగిరిన నాటినుండి ఆ బొమ్మను మన పత్రికలు ఎన్నిసార్లో అచ్చువేసినవి. కాని అందలి మనిషి సైకిలు ఎక్కిలేడు, ప్రక్కన నడుచుచున్నాడు. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధమునకు వియత్నాము వారు అడవిదారుల వెంట సరుకు చేరవేసిన వేలకొలది సైకిళ్లపై రెండువందల కిలోలకు పైగా కట్టుచుండిరి. వారును హ్యాండిలుకు కర్ర కట్టి పొడిగించుకొని, ప్రక్కన నడచి నెట్టినవారే. మన తీరపు దారులు పలుచోట్ల బకింగుహాము కాలువను దాటవలెను, ఆ వంతెన ఎక్కుచోట చైనుపైని, దిగుచోట బ్రేకుపైని బరువు మిన్నంటును. రెండుచోట్లను దిగి నడిపించువాడు పిరికివాడు కాదు, వృత్తి తెలిసినవాడు. రొయ్యల గుంటల కట్టలపై మేతబస్తాలు మోయువారికిని, బంకమట్టి తడిసినప్పుడు ఇదే వర్తించును.

నేడు పాళెములలో టీవీయస్ మోపెడ్లు, ఆటోలు మిక్కుటమై సైకిళ్లు తరిగినవి, నిజమే. మిగిలినవారు పెట్రోలు కొనలేనివారు, వయసు మళ్లినవారు, దగ్గర వూళ్లలో తిరుగువారు; వారికై రోడ్డు వేయువారు చేయగల మేలు ఒకటి కలదు. తారు అంచునకును ప్రక్క మట్టికిని నడుమ బెత్తెడు లోతు మెట్టు విడువకుండుట. లారీకి దారి ఇచ్చుటకై సరుకుబండి ఆ అంచు దిగినప్పుడు పడినంతగా మరెక్కడను పడదు.

పాఠకులారా, రేపు మీ వీధిలోనికి చేపలవాడు ఎనిమిదికి రావలసినవాడు తొమ్మిదికి వచ్చినచో, "ఇంత ఆలస్యమా" యని కసరి ధర తగ్గింపకుడు. అతడు కాలువ వంతెన కడ దిగి నడచినాడేమో, వానలో బ్రేకు పట్టదని మెల్లగా వచ్చినాడేమో. అడిగిన ధర ఇచ్చి చేపలు పుచ్చుకొనుడు.