ర్యామ్ ఖాళీగా ఉన్నా ఆడియో ఎందుకు తెగుతుంది?

కంప్యూటర్‌లో లైవ్ రికార్డింగ్ నడుస్తుంటే మధ్యలో ‘టప్’మని శబ్దం. మైక్ బాగానే ఉంది, ర్యామ్ కూడా ఖాళీగానే ఉంది. మరి తేడా ఎక్కడ? ఒక్కోసారి కారణం వర్చువల్ మెమరీయే.

ప్రోగ్రామ్ అడిగిన మెమరీ మొత్తాన్ని సిస్టమ్ ఒకేసారి ర్యామ్‌లో పెట్టదు. సాధారణంగా 4 కేబీ పేజీలుగా, అవసరం పడినప్పుడే తెస్తుంది. కావాల్సిన పేజీ ర్యామ్‌లో లేకపోతే అది వచ్చేదాకా ప్రోగ్రామ్ ఆగాల్సిందే. దీన్నే పేజ్ ఫాల్ట్ అంటారు.

సెకనుకు 48,000 శాంపిళ్ల ఆడియోలో 256 శాంపిళ్ల బఫర్ నింపడానికి దొరికే టైమ్ సుమారు 5.3 మిల్లీసెకన్లు. హార్డ్ డిస్క్ నుంచి ఒక్క పేజీ తేవడానికే 10 మిల్లీసెకన్లు పట్టొచ్చు. ఇంకేముంది, శబ్దం తెగుతుంది.

స్వాప్ ఆపేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ప్రోగ్రామ్ కోడ్ కూడా డిస్క్‌లోని ఫైల్ నుంచే వస్తుంది. ర్యామ్ తగ్గితే సిస్టమ్ ఆ పేజీల్ని వదిలేసి, తర్వాత మళ్లీ చదువుకుంటుంది.

అందుకే లినక్స్‌లో ‘ఎమ్‌లాక్‌ఆల్’ ఉంది. ఇప్పుడున్న పేజీలు, ఇకపై వచ్చేవి రెండూ ర్యామ్‌లోనే ఉండేలా దీంతో లాక్ చేయొచ్చు. కావాల్సిన మెమరీని రికార్డింగ్ మొదలయ్యేలోపే తీసుకోవాలి. మామూలు యూజర్‌కు లాక్ పరిమితి ఉంటుంది, అది చాలకపోతే పెంచుకోవాలి.

అయితే లాక్ చేసిన ర్యామ్ మిగతా ప్రోగ్రామ్‌లకు దొరకదు. కాబట్టి ఆలస్యం తట్టుకోలేని ప్రోగ్రామ్‌కు మాత్రమే ఈ పద్ధతి వాడాలి.