నిప్పు కింద, నీళ్లు పైన

నల్లమలలో ఎండలు ముదిరేటప్పుడు ఇప్పపువ్వు రాలుతుంది. అమ్రాబాద్ గుట్టల మీది చెంచులు తెల్లవారగానే ఏరుకొచ్చి ఎండబెడతారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. నీళ్లలో నానేస్తే నాలుగు రోజుల్లో పులుస్తుంది. ఆ పనంతా ఈస్ట్‌ది. యంత్రం వంతు తర్వాత వస్తుంది.

సారా బట్టీ అంటే ఇంతే: పొయ్యి మీద పులిసిన పువ్వున్న కుండ, దాని మీద అడుగున బొక్కలున్న మరో కుండ, అందులో చిన్న గిన్నె, అన్నిటికీ పైన చన్నీళ్ల పాత్ర. సందులకు తడిగుడ్డ, మట్టి. ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. అందుకే ముందు లేచే ఆవిరిలో ఆల్కహాలు పాలు ఎక్కువ. అది చన్నీళ్ల పాత్ర అడుగుకు తగిలి, చుక్కలై గిన్నెలో పడుతుంది. అన్నం కుండ మూతకూ చుక్కలు పడతాయి. వాటిని వేరుగా పట్టుకోవచ్చని తట్టడమే ఇక్కడి కొత్త సంగతి. చూసేవాళ్ల కళ్లు మంట మీదే ఉంటాయి గానీ బట్టీకి ప్రాణం పైన ఉంది. పై నీళ్లు వేడెక్కితే వంపేసి కొత్తవి పోయాలి. కాబట్టి బట్టీ నీళ్లున్న చోటు వెతుక్కుంటుంది. ఆబ్కారీ వాళ్లకూ ఆ సంగతి తెలుసు!

ఈ బట్టీ పుట్టుక గురించి వాదించిన వాళ్లలో ఒకరికి పాలమూరుతో పాత పరిచయం ఉంది. పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ 1957లో మక్తల్ వైపు ఉట్నూరులో బూడిద దిబ్బ తవ్వి, అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి అని తేల్చాడు. బట్టీకి పుట్టినిల్లు భారతదేశమేనా అని 1979లో ఒక వ్యాసంలో అడిగిందీ ఆయనే. ఆధారం పెషావర్ దగ్గరి షైఖాన్ ఢేరిలో దొరికిన, సుమారు రెండువేల ఏళ్లనాటి మట్టిపాత్రలు. అందరూ ఒప్పుకోలేదు. పైగా అక్కడి తీరు వేరు: ఆవిరిని గొట్టంతో పక్కకు పంపి వేరే కుండలో చల్లార్చడం. లోపల గిన్నె, పైన నీళ్లు ఉండే రకానికి చైనా సైన్సు చరిత్రకారుడు జోసెఫ్ నీధమ్ మంగోల్ బట్టీ అని పేరు పెట్టాడు.

జపాన్‌లో షోచూ అనే సారా కాచిన పాత బట్టీల మీదా చన్నీళ్ల పాత్రే ఉండేది. అయితే షోచూకు వాడే బార్లీలో ఉండేది పిండిపదార్థం. దాన్ని చక్కెరగా మార్చడానికి కోజి అనే బూజు కావాలి. నాగసాకి పరిధిలోని ఇకి ద్వీపంలో రెండు పాళ్లు బార్లీకి ఒక పాలు బియ్యపు కోజి కలుపుతారు. ఇప్పపువ్వుకు ఆ తిప్పలు లేవు. 1970ల్లో జపాన్ వాళ్లు బట్టీలో గాలి ఒత్తిడి తగ్గించి 40, 50 డిగ్రీలకే మరిగించడం మొదలుపెట్టారు, మాడువాసన పోయింది. ఇకి షోచూకు 1995లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మన బట్టీ వెనక్కి నడిచింది. 1316 ఫస్లీ (1906-07) నాటికే నిజాం రాజ్యానికి ఆబ్కారీ చట్టం ఉంది. 1993 అక్టోబర్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే సారాయి ఆపేసింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. సారాయి దుకాణం మాత్రం తిరిగి రాలేదు. దేవరకొండ వైపు గుడుంబ బట్టీల్లో పువ్వు స్థానంలో బెల్లం, పటిక, నవసాగరం. కుండల స్థానంలో రేకు డబ్బాలు, ప్లాస్టిక్ డ్రమ్ములు. నవసాగరంలోని నత్రజని ఈస్ట్‌కు మేత అవుతుంది గానీ ఎంత వేయాలో కొలిచేవాడెవడు? రేపు దాడిలో పగిలిపోయే దానికి ధర్మామీటరు ఎవరూ కొనరు. నా దృష్టిలో ఈ యంత్రాన్ని మొరటుగా ఉంచింది పేదరికం కన్నా ఆ భయమే.

తొలి చుక్కలు పారబోస్తే విషం పోతుందని చాలామంది నమ్మకం. ఘాటైన ఎసిటాల్డిహైడ్ లాంటివి కొంత పోతాయి. మిథనాల్ అలా పోదు, చివరిదాకా కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. అయితే బెల్లం పులిస్తే పుట్టే మిథనాల్ చాలా తక్కువ. కల్తీసారా చావుల్లో తరచూ బయటపడేది ఎవరో తెచ్చి కలిపిన పారిశ్రామిక మిథనాల్. దాన్ని ఏ బట్టీ కాయలేదు.