సబఖ్ ఒక్కటే చాలదు, ఆమూఖ్తా కూడా కావాలి

పరీక్షలు దగ్గర పడ్డాయంటే మన ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "చదువు, చదువు". ఎలా చదవాలో మాత్రం చెప్పేవారు తక్కువ. పిల్లవాడు ఇషా తర్వాత పుస్తకం ముందు వేసుకుని కూర్చుంటాడు. అదే పేజీని నాలుగైదు సార్లు చదువుతాడు. ఇంతలో నిద్ర ముంచుకొస్తుంది. మర్నాడు తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగితే నోట మాట రాదు. ఇలా కొన్నాళ్లు గడిచాక "నాకు జెహన్ లేదు" అని తనకు తానే తీర్పు చెప్పుకుంటాడు. తల్లిదండ్రులూ అదే నమ్ముతారు. పదో తరగతి తప్పగానే అబ్బాయి ఏ మెకానిక్ షెడ్డులోనో చేరతాడు, అమ్మాయి చదువు అంతటితో ఆగిపోతుంది.

విచిత్రం ఏమిటంటే, ఇలా అనుకునే పిల్లల్లో ఐదారు పారాలు హిఫ్జ్ చేసినవారూ ఉంటారు. అరబీ వారి మాతృభాష కాదు. అయినా ఒక్క జేర్, ఒక్క జబర్ తప్పకుండా వినిపిస్తారు. అంతటి జ్ఞాపకశక్తి గల పిల్లవాడికి సైన్సులో రెండు పేజీల పాఠం గుర్తుండడం లేదంటే లోపం బుర్రలో లేదు, చదివే పద్ధతిలో ఉంది. మదర్సాలో చదివి, ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెబుతున్న మాకు ఇది తరచూ ఎదురయ్యే విషయం. మదర్సాలో పాటించే పద్ధతిని ఈ పిల్లలు స్కూలు పుస్తకం దగ్గర పాటించడం లేదు.

హిఫ్జ్ తరగతిలో ఏం జరుగుతుంది?

హిఫ్జ్ చేసే పిల్లవాడి దినచర్య గమనించండి. మొదట కొత్త పాఠం, అంటే సబఖ్. అది కొద్దిగానే ఉంటుంది, కొన్ని పంక్తులో, ఒక పేజీయో. చూడకుండా ఉస్తాద్‌కు వినిపిస్తేనే అది వచ్చినట్టు లెక్క. తర్వాత గడిచిన కొద్ది రోజుల పాఠాలు వినిపించాలి. దీనిని సబ్ఖీ అంటారు. ఆ తర్వాత ఎప్పుడో పూర్తయిన పారాలను వంతుల వారీగా వినిపించాలి. ఇది ఆమూఖ్తా. ఆమూఖ్తా కచ్చాగా ఉంటే ఉస్తాద్ కొత్త సబఖ్ ఇవ్వడానికి ఒప్పుకోరు.

స్కూలు చదువులో మన పిల్లలకు సబఖ్ ఉంది గాని ఆమూఖ్తా లేదు. జూన్‌లో చెప్పిన పాఠాన్ని మళ్లీ మార్చిలోనే తెరుస్తారు. చదవడం ఉంది గాని పుస్తకం మూసి వినిపించడం లేదు.

దివ్య ఖుర్ఆన్ సుమారు 23 సంవత్సరాల కాలంలో కొద్దికొద్దిగా అవతరించింది. ప్రతి రమజాన్‌లో హజ్రత్ జిబ్రీల్ (అ) దైవప్రవక్త (స)తో కలిసి ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేసేవారనీ, ఆయన (స) ఇహలోకం వీడిన సంవత్సరం రెండుసార్లు చేశారనీ బుఖారీ గ్రంథంలో ఉంది. కంఠస్థం చేసిన ఖుర్ఆన్‌ను దైవప్రవక్త (స) కట్టి ఉంచిన ఒంటెలతో పోల్చారు. కనిపెట్టుకుని ఉంటే అవి నిలుస్తాయి, వదిలేస్తే పోతాయి. ఖుర్ఆన్ విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, భౌతికశాస్త్రం పాఠం ఒక్కసారి చదివితే నిలిచిపోతుందని ఎలా అనుకోగలం?

పెద్దలు చెప్పింది, పరిశోధన చూపింది

సుమారు ఎనిమిది వందల ఏళ్ల నాటి పండితుడు బుర్హానుద్దీన్ జర్నూజీ (రహ్మ) విద్యార్థుల కోసం 'తాలీముల్ ముతఅల్లిమ్' అనే చిన్న గ్రంథం రాశారు. నిన్నటి పాఠాన్ని ఐదుసార్లు, మొన్నటి పాఠాన్ని నాలుగుసార్లు, అంతకు ముందు రోజుది మూడుసార్లు, ఆ ముందుది రెండుసార్లు, దానికి ముందుది ఒకసారి వల్లె వేయాలని ఆయన అందులో సలహా ఇచ్చారు. మొదట్లో పాఠం చిన్నదిగా ఉండాలనీ, క్రమంగా పెంచుకోవాలనీ కూడా చెప్పారు.

1885లో జర్మన్ పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని ఒక పుస్తకం ప్రకటించారు. నేర్చుకున్న దానిలో ఎక్కువ భాగాన్ని మనిషి మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే మరచిపోతాడనీ, తర్వాత మరపు వేగం తగ్గుతుందనీ ఆయన చూపారు. 2006లో అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులతో మరో ప్రయోగం చేశారు. ఒక బృందం ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక విడత చదివి, తర్వాత మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారే మెరుగ్గా ఉన్నారు. వారం తర్వాత లెక్క తారుమారైంది. చదివినవారికి సుమారు 40 శాతం, చూడకుండా రాసినవారికి సుమారు 61 శాతం గుర్తుంది. పరీక్ష ముందు రాత్రి "అంతా వచ్చేసింది" అనిపించి, హాలులో ఏమీ రాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. కళ్లకు పేజీ పరిచయమైనంత మాత్రాన పాఠం మనసుకు ఎక్కినట్టు కాదు.

స్కూలు పాఠానికి నాలుగు మెట్లు

మొదటిది ముతాలా. రేపు చెప్పబోయే పాఠాన్ని ఈ రోజే పది నిమిషాలు చూడాలి. తెలియని మాటల కింద గీత గీయాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ స్కూల్లో తెలుగులోనో ఇంగ్లీషులోనో చదివే పిల్లలకు ఇది మరీ అవసరం. 'కిరణజన్య సంయోగక్రియ' అన్న మాట భయపెడుతుంది. ఆకు ఎండ సాయంతో తన ఆహారం తానే తయారు చేసుకుంటుందని ఇంటి భాషలో తెలిస్తే ఆ భయం పోతుంది.

రెండవది సబఖ్. పాఠం విన్న రోజే ఒకసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తన మాటల్లో చెప్పాలి లేదా రాయాలి. మళ్లీ తెరిచి, తప్పినవి సరిదిద్దుకోవాలి. లెక్కలైతే చేసిన లెక్కనే మర్నాడు చూడకుండా మళ్లీ చేయాలి.

మూడవది తక్రార్. మదర్సాలలో విద్యార్థులు గుంపుగా కూర్చుంటారు. ఒకరు ఉస్తాద్ చెప్పిన పాఠాన్ని తిరిగి బోధిస్తారు, మిగిలినవారు ప్రశ్నిస్తారు. వీధిలోని ముగ్గురు నలుగురు పిల్లలు మగ్రిబ్ తర్వాత అరగంట ఇలా కూర్చోవచ్చు. తోటివారికి చెప్పబోతేనే మనకు ఎక్కడ అర్థం కాలేదో తెలుస్తుంది.

నాలుగవది ఆమూఖ్తా. రోజూ పదిహేను నిమిషాలు పాత పాఠాలకు కేటాయించాలి. నిన్నటి పాఠంలో కొన్ని ప్రశ్నలు, పోయిన వారం పాఠంలో కొన్ని, పోయిన నెల పాఠంలో ఒకటి రెండు. ఇలా చేసినవారికి మార్చి నెల కొత్తగా భయం తేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఖుర్ఆన్‌ను అక్షరం మారకుండా కాపాడుకుంటాం. సైన్సు, సాంఘికశాస్త్రం జవాబులను గైడు చూసి అక్షరం మారకుండా బట్టీ పట్టడం మాత్రం సరికాదు. సూత్రాలు, పద్యాలు, నిర్వచనాలు కంఠస్థం కావాలి. మిగిలినదంతా అర్థమై, సొంత మాటల్లో రావాలి.

ఆనందం ఎక్కడుంది?

చదువు ఎందుకు విసుగు పుట్టిస్తుంది? గంటల కొద్దీ కూర్చున్నా ఏమీ రానందువల్ల. ఐదు పంక్తులు చూడకుండా వినిపించి "షాబాష్" అనిపించుకున్న పిల్లవాడి ముఖం చూడండి. ఆరో పంక్తి తానే అడుగుతాడు. కొద్దిగా అయినా నిలకడగా చేసే పని అల్లాహ్‌కు ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించారు. రోజూ గంటన్నర శ్రద్ధగా చదివే చదువు, పరీక్షల ముందు వారం రోజుల జాగారం కంటే మేలు. ఫజ్ర్ తర్వాత కొంతసేపు, మగ్రిబ్ నుంచి ఇషా వరకు కొంతసేపు చదువుకోవాలి. అస్ర్ తర్వాత ఆట ఉండాలి, రాత్రి కడుపు నిండా నిద్ర ఉండాలి. చదివేటప్పుడు ఫోను వేరే గదిలో ఉండాలి, పెద్దవాళ్ల ఫోను కూడా.

"మాకే చదువు రాదు, పిల్లలకు ఏం చెప్పగలం?" అని చాలామంది తల్లులు మాతో అంటుంటారు. అమ్మా, మీరు చెప్పనక్కర్లేదు, వింటే చాలు. పుస్తకం మీ చేతిలోకి తీసుకోండి. "ఈ రోజు ఏం నేర్చుకున్నావు బేటా, నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి. ఎక్కడ తడబడుతున్నాడో, ఎక్కడ నీళ్లు నములుతున్నాడో అక్షరం రాని తల్లికీ తెలుస్తుంది. అక్కడ ఆపి, మళ్లీ చదివి రమ్మనండి. అమ్మాయి చదువునూ ఇలాగే వినండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. నిన్న రానిది ఈ రోజు వస్తే మెచ్చుకోండి. తండ్రులు కూడా దుకాణం కట్టేసి వచ్చాక పదిహేను నిమిషాలు ఇందుకు కేటాయించాలి. ట్యూషన్ ఫీజు కట్టడంతో బాధ్యత తీరిపోదు.

ఈ రోజు జుమా. నమాజు అయ్యాక పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ వారం చదివిన పాఠాల్లో ఒక్కదాన్ని పుస్తకం మూసి చెప్పించండి. ఆమూఖ్తా ఈ వారమే మొదలుపెట్టండి. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, దానిని నిలుపుకునే ఓర్పునూ ప్రసాదించుగాక! ఆమీన్.