ఆటగాడు గురువైన వేళ

ఆడుట మానిన పిమ్మట ఆటగాని విద్య ఏమగును? అమెరికా కళాశాలలు ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినవి. వృత్తిగా టెన్నిసు ఆడి విరమించినవారిని అవి జీతమిచ్చి శిక్షకులుగా నియమించుకొనును. విద్యార్థి చదువును, ఆటను ఒకే ప్రాంగణమున నేర్చును. మన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయమున అట్లే ఆడినవారు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో సానియా మీర్జాతో కూడి మిక్స్‌డ్ డబుల్సు స్వర్ణము గెలిచిరి.

మన కళాశాలలలో అట్టి ఏర్పాటు అరుదు. ఇక్కడ గురువు తన బడిని తానే కట్టుకొనవలసివచ్చినది. 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటను విజేతయైన పుల్లెల గోపీచందు, తన యిల్లు తాకట్టు పెట్టి, 2008లో హైదరాబాదు గచ్చిబౌలిలో అకాడమీ నెలకొల్పిరి. ఆయన శిష్యులలో సైనా నెహ్వాల్ 2012లో లండను ఒలింపిక్సున కాంస్యమును, పి.వి. సింధు 2016లో రియోలో రజతమును గెలిచిరి. రియోకు ముందు సుమారు మూడు నెలలు సింధుకు సెల్‌ఫోను దక్కనీయలేదు. పోటీ ముగిసిన పిదపనే తిరిగి యిచ్చిరి. శిక్షకుని పని ఆట నేర్పుటతో తీరదని దీనివలన తెలియుచున్నది.

మేమీ మాట చెప్పుటకు కారణము కలదు. భద్రాచలము అడవి అంచుననున్న గూడెమునకు హైదరాబాదు 300 కిలోమీటర్ల దూరము. అంత దూరము పంపలేని తలిదండ్రుల బిడ్డ ఆట బడితోనే ముగియును. ఖమ్మము, భద్రాచలము కళాశాలలలో ఆడి విరమించినవా రొక్కరొక్కరు శిక్షకులుగా నిలిచినచో, ఆ బిడ్డ ఇల్లు విడువకయే తన శక్తి యెంతయో తెలిసికొనగలదు.