చదరంగంలో తొలి ఎత్తు ఎంపిక: కోనేరు హంపి, గుకేశ్ ఆటల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
చదరంగంలో తెల్లపావులతో ఆడేవారికి తొలి ఎత్తుగా ఇరవై అవకాశాలు ఉన్నాయి. వాటిలో ఏది ఉత్తమమన్న ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. దానికంటే ఏ ఎత్తు ఎవరికి, ఏ దశలో తగినదన్న ప్రశ్నే శిక్షణకు ప్రయోజనకరమని ఈ వ్యాసం వివరిస్తుంది. విజయవాడకు చెందిన కోనేరు హంపి ఆటతీరును, 2024 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దొమ్మరాజు గుకేశ్ ఎంచుకున్న ఎత్తులను ఇందుకు ఆధారంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: చదరంగం, తొలి ఎత్తు, కోనేరు హంపి, గుకేశ్, శిక్షణ.

1. ఉపోద్ఘాతం:
కృష్ణా డెల్టా ప్రాంతానికి అంతర్జాతీయ చదరంగంలో విశిష్ట స్థానం ఉంది. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ 2001లో, ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. గుడివాడలో 1987 మార్చి 31న జన్మించి విజయవాడలో పెరిగిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళ వయసులో ఆ హోదా పొందారు. ఆమె తండ్రి కోనేరు అశోక్ అధ్యాపక వృత్తిని విడిచి కుమార్తె శిక్షణకే అంకితమయ్యారు.

ఇటువంటి నేపథ్యం ఉన్న ప్రాంతంలో పిల్లలను చదరంగంలో చేర్చే ప్రతి కుటుంబానికీ, శిక్షకునికీ ఎదురయ్యే తొలి ప్రశ్నల్లో ‘మొదట ఏ ఎత్తు నేర్పాలి?’ అన్నది ఒకటి. ఇది చిన్న విషయంగా కనిపించినా, పిల్లల కాలాన్నీ జ్ఞాపకశక్తినీ కొన్నేళ్ళపాటు దేనిమీద వెచ్చించాలో నిర్ణయించేది ఇదే.

2. తొలి ఎత్తు స్వభావం:
ఎనిమిది బంట్లలో ప్రతిదీ ఒకటి లేదా రెండు గళ్ళు కదలగలదు కనుక 16, రెండు గుర్రాలకు రెండేసి చొప్పున 4, మొత్తం 20 ఎత్తులు సాధ్యం. నల్లపావుల వారికీ అంతే కనుక చెరొక ఎత్తు ముగిసేసరికి 400 స్థితులు ఏర్పడే అవకాశముంది. అయినా ఉన్నతస్థాయి పోటీల్లో ప్రధానంగా కనిపించేవి నాలుగే: ఇ-4, డి-4, సి-4, గుర్రం ఎఫ్-3.

ఇ-4, అంటే రాజు ముందున్న బంటును రెండు గళ్ళు జరపడం, మంత్రికీ రాజు పక్కనున్న శకటుకూ దారి తెరుస్తుంది. రాజును ఏనుగు చాటుకు చేర్చే క్యాస్లింగ్ త్వరగా సాధ్యమవుతుంది. అయితే ఆ బంటుకు వెనుక అండ ఉండదు. ప్రత్యర్థి తన మొదటి జవాబుతోనే దానిపై దాడికి దిగవచ్చు. అందువల్ల ఇరుపక్షాల మధ్య ఘర్షణ తొందరగా మొదలవుతుంది. డి-4లో బంటుకు వెనుకనున్న మంత్రి అండ ఉంటుంది. ఆట నెమ్మదిగా సాగి, బంట్ల అమరికకు ప్రాధాన్యం పెరుగుతుంది. సి-4, గుర్రం ఎఫ్-3 అనేవి మధ్యగడుల బంట్లపై నిర్ణయాన్ని వాయిదా వేస్తాయి. వేర్వేరు తొలి ఎత్తులు ఒకే స్థితికి చేరడమూ సాధారణమే. ఎఫ్-3కు గుర్రాన్ని ముందు కదిపి డి-4ను తరువాత ఆడినా, ఆ వరుసను మార్చినా, నల్లపావుల జవాబులు అవే అయితే స్థితి ఒక్కటే. కనుక తొలి ఎత్తు ఆటను శాసించదు. ఇరువురూ ఏ రకమైన సమస్యలను ఎదుర్కోవాలో మాత్రం సూచిస్తుంది.

3. స్థిరత్వం - హంపి ఆటతీరు:
తెల్లపావులతో హంపి దీర్ఘకాలంగా ప్రధానంగా డి-4ను ఆశ్రయించారు. ఒకే మార్గంలో కొనసాగినప్పుడు అవే బంట్ల అమరికలు పదేపదే ఎదురవుతాయి. ఏ పావును ఏ గడికి చేర్చాలి, ఏ మార్పిడి తనకు లాభం, ఏ ముగింపు దశ అనుకూలం అన్నవి కంఠస్థపాఠంగా కాక అనుభవంగా నిలుస్తాయి. హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచారు. ఆ పోటీలో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల అదనపు సమయం ఉంటాయి. ఆ విజయాలకు తొలి ఎత్తే కారణమనడం సరికాదు. కానీ అంత తక్కువ వ్యవధిలో పరిచితమైన అమరిక ఆలోచనా సమయాన్ని మిగులుస్తుందన్నది స్పష్టం.

ఈ స్థిరత్వానికి మూల్యమూ ఉంది. ప్రత్యర్థి ముందుగానే సిద్ధపడి రాగలడు. 1972లో రెక్యావిక్‌లో, ఇ-4కు పేరుపడిన బాబీ ఫిషర్ ఆరో ఆటను సి-4తో ఆరంభించి గెలవడం ఈ ఇబ్బందిని అధిగమించిన ప్రసిద్ధ ఉదాహరణ.

4. వైవిధ్యం - గుకేశ్ ఎంపికలు:
చెన్నైలోని తెలుగు కుటుంబానికి చెందిన గుకేశ్, 2024లో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌పై 7.5-6.5 తేడాతో ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఆయనకు సహకరించిన బృందంలో హరికృష్ణ ఒకరు. గుకేశ్ తెల్లపావులతో ఆడిన ఏడు ఆటల్లో మూడు రకాల తొలి ఎత్తులు కనిపిస్తాయి.

ఇ-4: 1, 5, 13వ ఆటలు, ఒక ఓటమి, రెండు డ్రాలు.
డి-4: 3, 9వ ఆటలు, ఒక గెలుపు, ఒక డ్రా.
గుర్రం ఎఫ్-3: 7, 11వ ఆటలు, ఒక డ్రా, ఒక గెలుపు.

ఇ-4 ఆడిన మూడుసార్లూ డింగ్ ఫ్రెంచ్ రక్షణనే ఎంచుకున్నారు. తొలి ఆటలో ఓడిన గుకేశ్ తెల్లపావులతో ఆడిన తరువాతి ఆటలోనే మార్గం మార్చి గెలిచారు. ఏడు ఆటలతో ఏ ఎత్తు మేలన్నది తేల్చలేం. ప్రత్యర్థి సన్నద్ధతను చెదరగొట్టడం కూడా ఎంపికకు ఒక ప్రాతిపదిక అని మాత్రం ఇవి నిరూపిస్తాయి.

ఈ వాదానికి హద్దు చూపేది చివరి ఆట. అందులో గుకేశ్‌వి నల్లపావులు. తొలి ఎత్తు డింగ్‌ది. 58 ఎత్తులు సాగిన ఆ ఆట ఫలితాన్ని తేల్చింది 55వ ఎత్తులో డింగ్ ఏనుగుతో చేసిన పొరపాటు. ప్రారంభ దశను ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, ముగింపు దశలో పట్టు లేకపోతే ఆ శ్రమ నిలవదు.

5. ముగింపు:
హంపి స్థిరత్వం, గుకేశ్ వైవిధ్యం పరస్పర విరుద్ధాలు కావు. అవి భిన్న అవసరాలకు సమాధానాలు. అభ్యాసకుడికి ప్రత్యర్థి సన్నద్ధత ఇంకా సమస్య కాదు. స్థితిని అర్థం చేసుకోవడమే సమస్య. అందువల్ల ఆ దశలో ఒకే తొలి ఎత్తును ఎంచుకుని, దాని నుండి పుట్టే బంట్ల అమరికలను, ముగింపు దశలను కలిపి నేర్వడం మేలు. తన ఆటలను ప్రత్యర్థులు ముందుగా చదివి వచ్చే స్థాయికి చేరినప్పుడు రెండో ఎత్తు అవసరమవుతుంది. ఈ క్రమాన్ని తారుమారు చేసి, పిల్లలచేత అనేక ప్రారంభాలను కంఠస్థం చేయించే శిక్షణ, ప్రత్యర్థి పాఠంలో లేని ఎత్తు వేయగానే వారిని నిస్సహాయులుగా నిలబెడుతుంది.