అయిదడుగుల మూడంగుళాల ఆటగాడి లెక్కలు

బాస్కెట్‌బాల్ రింగు నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. మగ్సీ బోగ్స్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 160 సెంటీమీటర్లు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇంతకన్నా పొట్టి ఆటగాడు ఇంతవరకూ ఆడలేదు. మన ఊరి సంతలో నిలబడితే అతని ఎత్తును ఎవరూ పట్టించుకోరు. ఆరున్నర అడుగులు మామూలైన ఆ లీగ్‌లో మాత్రం అతను 14 సీజన్లు నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత కోచ్ అయ్యాడు, స్ఫూర్తి ప్రసంగాలకు పేరుపడ్డాడు.

అతన్ని ఉదాహరణగా తీసుకునే వక్తలు సాధారణంగా చెప్పేది ఒకటే: పట్టుదల ఉంటే ఎత్తు లెక్కలోకి రాదని. నాకు ఆ మాట రుచించదు. అంకెలు చూస్తే ఎత్తు లెక్కలోకి వచ్చింది, గట్టిగానే వచ్చింది. 889 మ్యాచ్‌ల్లో బోగ్స్ చేసిన బ్లాకులు 39. ప్రత్యర్థి వేసిన షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం సుమారు 23 మ్యాచ్‌లకు ఒక్కసారి అన్నమాట. వాటిలో ఒకటి 1993 ఏప్రిల్ 14న ఏడడుగుల ప్యాట్రిక్ ఎవింగ్ షాట్‌ను ఆపినది. అభిమానులు ఆ ఒక్కదాన్నే ఇప్పటికీ తలచుకుంటారు. మిగతా 38 ఎవరికీ గుర్తులేవు.

ఇప్పుడు నేలకు దగ్గరగా జరిగే పనులు చూడండి. ప్రత్యర్థి చేతిలోని బంతిని లాక్కోవడాన్ని స్టీల్ అంటారు. అతని స్టీళ్లు 1,369. ఒక బ్లాకుకు 35 స్టీళ్లు! పొడుగువాళ్లు డ్రిబుల్ చేసేటప్పుడు, అంటే నేలకు కొడుతూ నడిపేటప్పుడు, బంతి వాళ్ల నడుము దాకా లేస్తుంది, బోగ్స్ చేతులు సరిగ్గా అక్కడే ఉంటాయి. అతను డ్రిబుల్ చేస్తే బంతి మోకాలు దాటదు, దాన్ని అందుకోవాలంటే పొడుగువాడు వంగాలి. వంగేలోపు బంతి వేరేవాడి చేతిలో ఉంటుంది.

ఆ ‘వేరేవాడి చేతి’ లెక్కే అసలైనది. సహచరుడు వెంటనే బుట్టలో వేసేలా బంతి అందిస్తే అది అసిస్ట్. బోగ్స్ కెరీర్‌లో సొంతంగా సాధించిన పాయింట్లు 6,858, చేసిన అసిస్టులు 6,726. రెండింటికీ తేడా 132 మాత్రమే. ఒక అసిస్టు కనీసం రెండు పాయింట్లు తెస్తుంది కాబట్టి, సహచరులకు అతను పెట్టిన పాయింట్లు తక్కువలో తక్కువ 13,452. తాను వేసుకున్నదానికి దాదాపు రెట్టింపు. 1989-90 సీజన్ ఒక్కదానిలోనే 867 అసిస్టులు, మ్యాచ్‌కు సగటున 10.7. పైగా బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం, అంటే టర్నోవర్, చాలా తక్కువ: కెరీర్ మొత్తంలో ఒక్కో టర్నోవర్‌కు నాలుగుకు పైగా అసిస్టులున్నాయి. ఆటను నడిపించే పాయింట్ గార్డ్‌లలో ఇది అరుదు. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ అతని బలం కాదు. అది కూడా లేకుండానే నిలబడ్డాడు.

బోగ్స్ ఆడిన ఈ తరహా ఆట అమెరికా నగరం బాల్టిమోర్‌లో తయారైంది. 1965లో అక్కడ పుట్టిన బోగ్స్ లఫాయెట్ కోర్ట్ అనే ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగాడు. అయిదేళ్ల వయసులో షాట్‌గన్ గుళ్ల దెబ్బ తిన్నాడు. తండ్రి జైలుపాలైతే తల్లి ఎలైన్ పిల్లలను సాకింది. అతను ఆడిన డన్‌బార్ హైస్కూల్ జట్టు 1981-82లో 29, మరుసటి ఏడాది 31 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు. ఆ జట్టు నుంచి, క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 1987 ఎన్‌బీఏ డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లోనే ముగ్గురు ఎంపికయ్యారు: రెజీ విలియమ్స్ 4వ, బోగ్స్ 12వ, రెజీ లూయిస్ 22వ స్థానంలో. ఒకే బడి, ఒకే ఏడాది.

వాషింగ్టన్ బుల్లెట్స్ బోగ్స్‌ను తీసుకుంది. అక్కడ సహచరుడు 7 అడుగుల 7 అంగుళాల మనూట్ బోల్. ఇద్దరి మధ్య 28 అంగుళాల తేడా ఫొటోగ్రాఫర్లకు పండగ. ఒక్క సీజన్ తర్వాతే క్లబ్ బోగ్స్‌ను వదులుకుంది, కొత్తగా పుట్టిన షార్లెట్ హార్నెట్స్ ఏరుకుంది. హార్నెట్స్ తొలి సీజన్‌లో 20 గెలిచి 62 ఓడింది. 1992-93లో 44 గెలుపులతో తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరి, మొదటి రౌండ్‌లో బోస్టన్ సెల్టిక్స్‌ను 3-1తో ఓడించింది. ఆ సిరీస్ తొలి మ్యాచ్‌లోనే బోస్టన్ ఆటగాడు రెజీ లూయిస్, డన్‌బార్ రోజుల అదే రెజీ, కోర్టులో కుప్పకూలాడు. ఆ జులైలో, 27 ఏళ్లకే గుండె జబ్బుతో చనిపోయాడు.

ఇక అతని పరిచయ వాక్యాల్లో సాధారణంగా వినబడని అంకె: 14-30. 2005 ఆగస్టులో బోగ్స్ మహిళల లీగ్ జట్టు షార్లెట్ స్టింగ్‌కు కోచ్ అయ్యాడు. 44 మ్యాచ్‌ల్లో 14 గెలుపులు, 30 ఓటములు. 2007 జనవరిలో ఆ క్లబ్బే మూతపడింది. విఫలమయ్యాడని తేల్చేయడం సులువు. కానీ అతని చేతికి వచ్చేనాటికి ఆ జట్టు సీజన్‌లో 24 ఆడి మూడే గెలిచింది. మిగిలిన 10లో అతని కింద మూడు, తర్వాతి ఏడాది 34లో 11. ఎనిమిదింట ఒకటి గెలిచే జట్టు మూడింట ఒకటి గెలిచే స్థాయి దగ్గరకు వచ్చింది. గొప్ప కోచింగ్ అనను, చేతకానితనమూ కాదు. 2011లో షార్లెట్‌లోనే ఒక హైస్కూల్ బాలుర జట్టుకు కోచ్‌గా వెళ్లాడు. ప్రొఫెషనల్ జట్టును నడిపిన మనిషి స్కూలు పిల్లల దగ్గరికి రావడం నాకైతే ప్రసంగాలకన్నా బరువైన విషయం.

మన బడుల్లో జట్టు ఎంపికప్పుడు ముందు వరసగా నిలబెట్టి ఎత్తు చూస్తారు. పీఈటీ సార్లకు ఒక మనవి: ఎత్తు చూడండి, అది అవసరమే. దాంతోపాటు నాలుగు ప్రాక్టీసు మ్యాచ్‌లు ఆడించి, ఎవరి పాస్ బుట్టకు చేరింది, ఎవరి చేతిలోంచి బంతి పోయింది అన్నది కూడా నోటుపుస్తకంలో రాయించండి. జట్టును ఆ తర్వాతే ప్రకటించండి.