చిత్తవైకల్యం గల క్రైస్తవ వృద్ధుల ఆధ్యాత్మిక సంరక్షణ

చిత్తవైకల్యం గల క్రైస్తవ వృద్ధుల ఆధ్యాత్మిక సంరక్షణ అనగా, జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట క్రమంగా క్షీణిస్తున్న విశ్వాసులకు ప్రార్థన, కీర్తన, సంస్కారాలు, సంఘ సహవాసం అందేటట్లు చూడడం. చిత్తవైకల్యాన్ని డిమెన్షియా అని కూడా అంటారు. ఇది ఒకే వ్యాధి కాదు. మెదడును దెబ్బతీసే పలు వ్యాధుల వలన కలిగే లక్షణాల సముదాయం. వీటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్ వ్యాధి. దీనిని 1906లో జర్మను వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మొదటిసారిగా వివరించాడు.

ప్రాంతీయ నేపథ్యం

బంగారుపాళ్యం చిత్తూరు జిల్లాలో చిత్తూరు, పలమనేరు పట్టణాల మధ్యనున్న మండల కేంద్రం. ఈ ప్రాంతపు ప్రొటెస్టెంటు సంఘాల చరిత్ర, స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషనుతో ముడిపడి ఉంది. పలమనేరు, మదనపల్లె ఆ మిషను కేంద్రాలు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినపుడు ఈ మిషను సంఘాలు అందులో భాగమయ్యాయి. అదే కుటుంబానికి చెందిన ఐడా స్కడర్ 1900లో పొరుగున ఉన్న వేలూరులో ప్రారంభించిన వైద్యసేవ క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగింది.

వ్యాధిని గుర్తించడంలో ఇబ్బంది

2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మందికి చిత్తవైకల్యం ఉంది. అంతకుముందు 10/66 పరిశోధన బృందం వేలూరు గ్రామాలలోనూ సర్వే జరిపింది. 2008లో వెలువడిన ఫలితాలలో, వాడుకలో ఉన్న వైద్య ప్రమాణం ప్రకారం గ్రామీణ భారతంలో ఈ వ్యాధి 0.3 శాతమే కనబడింది. వృద్ధుల మతిమరుపును కుటుంబీకులు లోపంగా చెప్పకపోవడం ఇందుకు ఒక కారణమని పరిశోధకులు భావించారు. ఇలా గుర్తింపునకు రాని వృద్ధులు ఆరాధనకు రావడం మానివేసినపుడు, దానిని విశ్వాసం సన్నగిల్లడంగా పొరబడే ప్రమాదముంది.

నిలిచి ఉండే జ్ఞాపకాలు

సాధారణంగా ఇటీవలి సంగతులు ముందుగా మరపునకు వస్తాయి. బాల్యం నుండి వల్లించిన కీర్తనలు, ప్రభువు ప్రార్థన చాలామందిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. కుమార్తె పేరు చెప్పలేనివారు సైతం పల్లవి వినగానే చరణం అందుకోవచ్చు. అందువలన కొత్త పాటలకంటే, పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివారి రచనలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, వారు చదువుకున్న పాత బైబిలు అనువాదం ఉపయోగకరం. తమిళనాడు సరిహద్దు ప్రాంతం గనుక కొందరు తమిళంలో ప్రార్థన నేర్చుకొని ఉండవచ్చు. వారితో ఆ భాషలోనే ప్రార్థించాలి.

సంరక్షణ విధానం

* ఇంటివద్ద జరిపే ఆరాధన క్లుప్తంగా ఉండాలి. ఒక కీర్తన, ఒక వాక్యభాగం, ఒక ప్రార్థన చాలును.
* "నేనెవరో చెప్పండి" అని పరీక్షించరాదు. వచ్చినవారే తమ పేరు చెప్పి, అలవాటైన వరుసతో పిలవాలి.
* మింగడం కష్టమైనవారికి ప్రభువు బల్లలో రొట్టెను చిన్న ముక్కగా ఇవ్వవచ్చు. 1983 నాటి కథోలిక ధర్మశాస్త్రం 925వ సూత్రం, అవసరమైనపుడు ద్రాక్షారసం మాత్రమే ఇవ్వడాన్ని అనుమతిస్తుంది.
* మాట, ప్రవర్తన మారడాన్ని పాపఫలంగానో దయ్యపు పీడగానో భావించరాదు. అది వైద్యాన్ని ఆలస్యం చేస్తుంది.
* సంఘ సభ్యులు వంతులవారీగా వృద్ధుల వద్ద కూర్చుంటే, ఇంటిలో సేవచేసే కోడలు లేదా కుమార్తె ఆరాధనకు వెళ్లగలుగుతుంది.

దైవశాస్త్ర దృష్టి

దేవుని మరచిన వ్యక్తి విశ్వాసిగా మిగులునా అన్నది కుటుంబాలను బాధించే ప్రశ్న. స్కాట్లండులో ఆచార్యుడైన జాన్ స్విన్టన్ 2012లో ప్రచురించిన గ్రంథంలో, మనిషి గుర్తింపు అతని జ్ఞాపకశక్తిపై గాక దేవుడు అతనిని జ్ఞాపకముంచుకొనుటపై ఆధారపడి ఉందని వాదించాడు. వృద్ధాప్యంలో విడువబడకుండుటకై చేసిన ప్రార్థన 71వ కీర్తనలోను, తల నెరసేవరకు ఎత్తుకొందునన్న వాగ్దానం యెషయా 46వ అధ్యాయంలోను ఉన్నాయి.

పరిమితులు

కీర్తనలు, ప్రార్థనలు ఆందోళనను తగ్గించవచ్చు గాని వ్యాధిని నయం చేయవు. అయోమయం అకస్మాత్తుగా పెరిగితే జ్వరం, ఇన్‌ఫెక్షను వంటి కారణాలు ఉండవచ్చు గనుక వెంటనే వైద్యుని సంప్రదించాలి. రోగి తల తిప్పుకొన్నా, చేయి వెనుకకు తీసుకొన్నా దానిని నిరాకరణగా గౌరవించి, ప్రార్థనను మరొక వేళకు వాయిదా వేయాలి.